చేతికాగితంతో స్టాప్ మోషన్ తెరలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ప్రభుత్వ పాఠశాల పిల్లలతో కలిసి నిమిషం నిడివి గల స్టాప్ మోషన్ చిత్రం (బొమ్మలను కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫోటోలను వరుసగా నడిపించే చిత్రం) తీస్తున్నాము. దేవరకొండ కోట, దాని చుట్టూ ఉన్న గుట్టలు కనిపించే వెనుక తెరను, పాత నోటుపుస్తకాల కాగితాన్ని నానబెట్టి మేమే తయారు చేసుకున్నాము. తెర చూడముచ్చటగా ఉన్నది గానీ, ఫోటోలను వరుసగా నడిపించి చూస్తే గుట్టలు ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతున్నాయి, వెలుతురు కూడా మిణుకుమిణుకుమంటున్నది. లోపం కాగితానిదా, ఫోన్‌దా?
— ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: కదలిక కాగితానిది, మిణుకు ఫోన్‌ది. సెకనుకు 12 ఫోటోల చొప్పున తీసినా నిమిషం చిత్రానికి 720 ఫోటోలు కావాలి. పిల్లలతో అది ఒక్క పూటలో తెమిలే పని కాదు. కాగితంలోని నార గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, తేమ తగ్గగానే ముడుచుకుంటుంది. ఒక ఫోటోకూ తరువాతి ఫోటోకూ మధ్య ఈ మార్పు కంటికి ఆనదు గానీ, గంటల తరబడి జరిగిన మార్పును కొన్ని సెకన్లలో చూసినప్పుడు గుట్ట కదిలినట్టే ఉంటుంది. పైగా చేతికాగితం మందం అంతటా ఒకే తీరుగా ఉండదు కనుక ముడత కూడా వంకరగా పడుతుంది. నల్లగొండ ఎండలకు తాళలేక గదిలో నీళ్ల కూలర్ పెట్టుకున్నారంటే ఇక చెప్పనక్కరలేదు, అది గాలితో పాటు తేమను కూడా నేరుగా తెర మీదికే తోస్తుంది. షూటింగ్ జరిగినంతసేపు కూలర్‌ను ఆపివేయడం, లేదా తెల్లవారుజామున చల్లబాటు వేళల్లో పని పెట్టుకోవడం మేలు.

తయారీలోనే కొంత జాగ్రత్త తీసుకోవచ్చు. జాలి చట్రం మీద తేలిన గుజ్జును తడి నూలుగుడ్డ మీదికి దించిన తరువాత, రెండు చెక్కల మధ్య పెట్టి బరువుతో నీరంతా పిండాలి. చాలామంది ఇక్కడ తొందరపడి ఆ కాగితాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండలో పరుస్తారు. అంచులు ముందుగా, నడుమ భాగం తరువాత ఆరడం వల్ల కాగితం గిన్నెలా వంగిపోతుంది. దానికి బదులు తడి కాగితాన్ని గాజు పలకకు అంటించి, నీడలో, అది తనంతట తాను ఊడివచ్చేదాకా వదిలేయండి. గాజు వైపు నున్నగా వస్తుంది, అది ఆకాశానికి పనికివస్తుంది; గాలి తగిలిన వైపు గరుకుగా ఉంటుంది, మీ దేవరకొండ బండరాళ్లకు అంతకంటే మంచి పైపూత మరొకటి దొరకదు. నీటిరంగులు వేయాలనుకుంటే ముందుగా పలుచని గంజిని ఒక పూత పూసి ఆరనివ్వాలి, లేకపోతే రంగు అద్దుడు కాగితం మీద పడినట్టు పాకిపోతుంది. గంజి వాసనకు బొద్దింకలు వస్తాయి, రాత్రిపూట తెరను మూసి పెట్టండి.

తెరను గోడకు వేలాడదీయడం, నాలుగు మూలల్లో మాత్రమే అంటించడం నేను ఒప్పుకోను. మందపాటి అట్టకు లేదా ప్లైవుడ్‌కు మైదా జిగురుతో ఎక్కడా గాలి మిగలకుండా అంటించాలి. జిగురు ఆరేటప్పుడు కాగితం బిగిసి అట్టను తన వైపు లాగుతుంది కనుక, వెనుక వైపు కూడా అదే మందం గల కాగితాన్ని అంటించి, బరువు కింద ఒక రాత్రంతా ఉంచితే పలక తిన్నగా నిలుస్తుంది.

ఇక మిణుకు సంగతి. ఫోన్ ప్రతి ఫోటోకూ వెలుతురును, రంగును తనంతట తానే సర్దుకుంటుంది. ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఫోకస్ (స్పష్టత) మూడింటినీ మారకుండా లాక్ చేయాలి. కిటికీలు మూసి, రెండు ఎల్‌ఈడీ బల్బుల వెలుగులో మాత్రమే తీయాలి, ఎందుకంటే కిటికీ ఎండ నిమిషనిమిషానికీ మారుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి షట్టర్ వేగాన్ని, అంటే ఒక్కో ఫోటోకు వెలుగు లోపలికి వచ్చే సమయాన్ని, సెకనులో 50వ వంతుకో 25వ వంతుకో పెడితే బల్బుల మిణుకు కూడా చాలావరకు తగ్గుతుంది. బొమ్మలను కదిలించే పిల్లలు తెల్లచొక్కాలు వేసుకోకుండా చూడండి. ఆ తెలుపు మీద పడిన వెలుగు తెర మీదికి తిరిగి వస్తుంది. బొమ్మకూ తెరకూ మధ్య రెండడుగుల దూరం ఉంటే బొమ్మ నీడ గుట్టల మీద పడదు.

ప్రశ్న: పాలమూరు ఎర్రనేల రంగు కోసం గుజ్జులో పసుపు, కుంకుమ కలిపాము. షూటింగ్ ముగిసేలోగా పసుపు వెలిసిపోయింది. వెలవని రంగులేవి? మా చేనులోని పత్తితో కాగితం చేయవచ్చునా?
— ఒక డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: పసుపు రంగు వెలుతురుకు ఆగదు, రోజుల తరబడి బల్బుల కింద ఉండే తెరకు అది పనికిరాదు. ఇళ్ల గోడలకు, అరుగులకు పూసే జాజు మట్టి రంగు, అందులోని ఎరుపు ఇనుము వల్ల వచ్చినది, అది వెలవదు. నలుపుకు దీపపు మసి, లేత రంగుకు సుద్ద చాలు. జాజును గుజ్జులో కలిపితే చాలా భాగం నీటితో పాటు కారిపోతుంది, అందువల్ల ఆరిన కాగితం మీద పలుచని జిగురు నీటిలో కలిపి పూయడమే నయం. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన రంగు ఆరితే లేతబడుతుంది, కాబట్టి ముందుగా ఒక ముక్క మీద పూసి, ఆరిన తరువాతే నిర్ణయించుకోండి. తెరకు కావలసిన రంగునంతా ఒకేసారి కలిపి పెట్టుకోవాలి; రెండో గిన్నెలో అదే ఎరుపు మళ్లీ రాదు.

కోయిలకొండ ఒకప్పుడు చేతికాగితానికి పేరుపడిన ఊరు, కనుక మీ జిల్లాకు ఈ పని కొత్తది కాదు. అయితే చేనులోని పత్తిని నేరుగా మిక్సీలో వేయకండి. దాని పోగు అంగుళం దాకా పొడవుంటుంది, నీటిలో ఉండలు కడుతుంది, మిక్సీ రెక్కలకు చుట్టుకుంటుంది. కత్తెరతో పావు అంగుళం కంటే చిన్నగా కత్తిరించి, కాగితపు గుజ్జులో కొద్దిగా మాత్రమే కలిపితే కాగితానికి బలం వస్తుంది. గడ్డిపరకలు, ఎండుటాకుల ముక్కలు కలిపిన కాగితం చేతిలో పట్టుకుంటే అందంగానే ఉంటుంది, కానీ ఆరంగుళాల బొమ్మ వెనుక అంగుళం గడ్డిపరక నరికిన దుంగలా కనిపిస్తుంది. అటువంటి కాగితాన్ని దగ్గరి నేలకు వాడి, దూరపు గుట్టలకు మెత్తగా రుబ్బిన గుజ్జును, లేత నీలి ఛాయను వాడండి.

ప్రశ్న: ఎడ్లబండి నడుస్తూ ఉండగా వెనుక ఊరు కదలాలి. ఎంత పొడవు కాగితం కావాలి? చిన్న చిన్న కాగితాలను అతుకు కనబడకుండా ఎలా కలపాలి?
— ఒక చేనేత కుటుంబపు గృహిణి, నారాయణపేట

జవాబు: మీరు అనుకుంటున్నంత పొడవు అక్కరలేదు. బండి ఫ్రేమ్ నడుమ నిలిచి, వెనుక ఊరి బొమ్మ ఉన్న పొడవాటి కాగితపు పట్టీ ఫోటోకు 3 మిల్లీమీటర్ల చొప్పున ఎదురు దిశలో జరిగితే, సెకనుకు 12 ఫోటోల లెక్కన పది సెకన్లకు 120 ఫోటోలు, అంటే 36 సెంటీమీటర్ల కదలిక. కెమెరాకు కనిపించే వెడల్పు 60 సెంటీమీటర్లయితే, అంచులకు కొంత వదిలి, మీటరుకు కొద్దిగా పైబడిన పట్టీ చాలు. ఇళ్ల వెనుక గుట్టలను మరొక పట్టీ మీద పెట్టి, దానిని ఫోటోకు ఒక్క మిల్లీమీటరే జరపండి. దూరం ఉన్నదన్న భావన ఆ తేడాలోనే పుడుతుంది. పట్టీ వెనుక పెన్సిలుతో గీతలు గీసుకుంటే లెక్క తప్పదు.

అతుకును జిగురుతో కాకుండా తడిలోనే వేయాలి. ఒక కాగితాన్ని గుడ్డ మీదికి దించి, రెండో దానిని అంగుళం మేర మొదటిదాని మీదికి వచ్చేలా దించి, కలిపి నొక్కితే నారలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అంచును పలుచగా దించితే గీత మరింత తగ్గుతుంది. సూర్యాస్తమయం కోసం పట్టీ వెనుక నుంచి వెలుగు వేసే పక్షంలో మాత్రం ఎంత బాగా కలిపినా ఆ అంగుళం మందంగా, నల్లని చారగా తేలుతుంది. అక్కడ ముందు వైపున ఒక తాటిచెట్టునో కరెంటు స్తంభాన్నో కత్తిరించి అంటించండి.