కారులో పిల్లల సీటు: మీ సందేహాలు, మా సమాధానాలు

పిల్లల కారు సీట్ల గురించి, కాస్త పెద్ద పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టి కారు బెల్టు సరిపోయేలా చేసే బూస్టర్ సీట్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు వేర్వేరుగా కనిపించినా, చాలావాటి వెనుక ఉన్న సందేహం ఒక్కటే: పిల్లలను తరువాతి సీటుకు ఎప్పుడు మార్చాలి? వచ్చిన ఉత్తరాల నుంచి కొన్నిటిని ఎంచుకొని ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మా బాబుకు పద్నాలుగు నెలలు. ఇప్పటికీ కారు సీటులో ముఖం కారు వెనుక అద్దం వైపు ఉండేలానే కూర్చోబెడుతున్నాము. కాళ్లు చాపుకోవడానికి చోటు చాలక మడుచుకొని కూర్చుంటున్నాడు. ఏడాది నిండింది కదా, ఇక ముందుకు తిప్పేయమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. తిప్పవచ్చా?

జవాబు: తిప్పకండి. బిడ్డకు ఏడాది నిండడానికీ సీటును ముందుకు తిప్పడానికీ సంబంధం లేదు. మీ సీటు తయారీదారు వెనుక వైపు వాడకానికి ఇచ్చిన ఎత్తు పరిమితి గానీ బరువు పరిమితి గానీ బాబు దాటేంతవరకు ఇలాగే కొనసాగించడం ఉత్తమం.

దీనికి కారణం పసిపిల్లల శరీర నిర్మాణంలోనే ఉంది. పెద్దవాళ్లలో తల మొత్తం ఎత్తులో దాదాపు ఎనిమిదో వంతు ఉంటే, అప్పుడే పుట్టిన శిశువులో అది సుమారు నాలుగో వంతు ఉంటుంది. అంత బరువైన తలను మోయవలసిన మెడ వెన్నుపూసలు ఆ వయసులో పూర్తిగా గట్టిపడి ఉండవు, వాటి భాగాలను మృదులాస్థి మాత్రమే కలిపి ఉంచుతుంది. ఎదురుగా ఢీకొన్న ప్రమాదంలో ముందుకు తిరిగి కూర్చున్న పసివాడి ఒంటిని పట్టీలు ఆపుతాయి గానీ తలను ఆపేది ఏదీ ఉండదు కాబట్టి, ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు సీటు వీపు భాగం తలను, మెడను, వెన్నును ఒకేసారి కాసి, దెబ్బ బలాన్ని వీపంతటికీ పంచుతుంది. ఈ సూత్రాన్ని స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960ల్లోనే గుర్తించారు. రాకెట్ ప్రయాణంలో వ్యోమగాములు ఒత్తిడిని వీపుతో తట్టుకునే విధానం చూసి ఆయన రూపొందించిన నమూనా సీటును 1964లో వోల్వో కారులో పరీక్షించారు. ఆ దేశంలో పిల్లలను నాలుగేళ్ల వయసు వరకూ వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం నేటికీ మామూలే. పిల్లల కారు సీట్ల భద్రతకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన పదిహేను నెలలు నిండేవరకు ముందుకు తిప్పడానికి అసలు అనుమతించదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2018లో తన సూచనలను సవరించి, అంతకుముందు చెప్పిన రెండేళ్ల గడువును తొలగించి, సీటు పరిమితి అనుమతించినంత కాలం వెనక్కే ఉంచాలని చెప్పింది.

ఇక కాళ్ల సంగతి. మడుచుకొని గానీ, సీటు వీపు మీదకు పైకెత్తి గానీ కూర్చోవడం పెద్దవాళ్ల కంటికి ఇబ్బందిగా కనిపించినా, ఆ వయసు పిల్లల కీళ్లకు అది ఇబ్బంది కాదు. నేల మీద ఆడుకునేటప్పుడు బాబు ఎలా కూర్చుంటున్నాడో ఒకసారి గమనించండి. వెనక్కి తిరిగి ఉన్న పిల్లలకు ప్రమాదంలో కాళ్లకు గాయాలు కావడం చాలా అరుదు. మీరు చూసుకోవలసింది కాళ్లను కాదు, తలను. అనేక సీట్ల సూచనల పుస్తకాలు నడినెత్తికీ సీటు పై అంచుకీ మధ్య కనీసం రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ ఉండాలని చెబుతాయి. మీ సీటుకు ఏ కొలత ఇచ్చారో పుస్తకంలో చూసి, నెలకొకసారి కొలిచి చూడండి.

ఒక్క హెచ్చరిక మాత్రం తప్పదు. వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీటులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. రెప్పపాటు కంటే తక్కువ సమయంలో తెరుచుకునే ఆ సంచి, నేరుగా బిడ్డ తల వెనుక ఉన్న సీటు వీపునే గుద్దుతుంది.

ప్రశ్న: నేను ఇద్దరు మనుమరాళ్లున్న తాతను. చిన్నమ్మాయి సీటును ఐసోఫిక్స్ కొక్కేలతో (బెల్టు లేకుండా సీటును నేరుగా కారుకే తగిలించేవి) బిగించి, ఇంకా భద్రంగా ఉంటుందని కారు సీటు బెల్టు కూడా వేస్తున్నాను. అయినా సీటు పైభాగం పట్టుకొని ఊపితే కదులుతోంది. పట్టీలు బిగిస్తే పాప ఏడుస్తుంది. ఎంత బిగించాలి?

జవాబు: తాతగారూ, సీటును ఊపి చూసే అలవాటు మంచిది. అయితే పైభాగాన్ని కాకుండా, బెల్టు గానీ కొక్కేలు గానీ సీటు గుండా వెళ్లే చోట పట్టుకొని, మామూలు బలంతో పక్కలకూ ముందువెనుకలకూ కదిపి చూడండి. అక్కడ రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకపోతే సీటు సరిగా బిగిసినట్టే. వెనక్కి తిరిగిన సీట్లలో పైభాగం కొంత ఊగడం సహజం. సీటు ముందుకు తిరిగి ఉండి, దాని వీపు నుంచి పైపట్టీ ఒకటి వేలాడుతుంటే, దాన్ని కారులో అందుకోసమే ఉన్న కొక్కేనికి తప్పకుండా తగిలించండి. ప్రమాదంలో తల ముందుకు దూసుకుపోయే దూరాన్ని అది బాగా తగ్గిస్తుంది. చాలామంది దాన్ని వాడకుండా వదిలేయడం విచారకరం.

ఐసోఫిక్స్‌నూ సీటు బెల్టునూ కలిపి వాడమని మీ సీటు పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంటే తప్ప, రెండిట్లో ఒక్కటే వాడండి. సీటును ఏదో ఒక పద్ధతిలో పరీక్షించి ఆమోదిస్తారు. రెండూ కలిపితే భద్రత రెట్టింపవుతుందని అనుకోవడం సహజమే గానీ, పరీక్షించని విధంగా బలం సీటు మీద పడే అవకాశం ఉంది. కొక్కేలకు బరువు పరిమితి కూడా ఉంటుంది. పాప ఎదిగి ఆ పరిమితి దాటాక సీటు బెల్టుతో బిగించవలసి వస్తుంది. అప్పుడు సీటును చేత్తోనో మోకాలితోనో గట్టిగా అదిమిపెట్టి, రెండో చేత్తో బెల్టులోని వదులును పూర్తిగా లాగేయండి.

పట్టీల బిగువు తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. బకిల్ పెట్టి, ముందు తొడల దగ్గరి వదులును పైకి లాగి, తరువాత కింది పట్టీని లాగి బిగించండి. ఇప్పుడు పాప భుజం మీద ఉన్న పట్టీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా చిటికెలా పట్టుకోవడానికి ప్రయత్నించండి. పట్టీ మడత వేళ్లకు చిక్కితే ఇంకా వదులుగా ఉన్నట్టు, చిక్కకుండా జారిపోతే సరిపోయినట్టు. వెనక్కి తిరిగిన సీటులో పట్టీలు పాప భుజాలకు సమానంగా గానీ కాస్త కిందుగా గానీ సీటులోంచి బయటికి రావాలి. ముందుకు తిరిగిన సీటులో సమానంగా గానీ కాస్త పైనుంచి గానీ రావాలి. మీ సీటుకు ఛాతీ దగ్గర క్లిప్పు ఉంటే అది చంకల ఎత్తులో ఉండాలి. పొట్ట మీదికి జారనివ్వకండి.

దూది కూరిన కోటుగానీ మందపాటి స్వెట్టర్‌గానీ తొడిగి దాని మీద పట్టీలు బిగిస్తే, బిగిసినట్టు కనిపించేదంతా నిజానికి బట్టలో దాగిన గాలి. ప్రమాదంలో ఆ బట్ట నలిగి పట్టీలు వదులవుతాయి. పాపను పలుచని బట్టల్లో కూర్చోబెట్టి, పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పండి. ఏడుపుకు పట్టీల బిగువే కారణమని వెంటనే అనుకోవద్దు. మెలిక పడిన పట్టీ, ఒంటికి ఒరుసుకునే బకిల్, ఎండకు కాలిన లోహపు ముక్క వంటివి ముందు చూడండి.

ప్రశ్న: మా ఆరు నెలల పాప కారు సీటులోనే హాయిగా నిద్రపోతుంది. నిద్ర చెడకుండా సీటుతో సహా ఇంట్లోకి తెచ్చి అలాగే ఉంచవచ్చా?

జవాబు: వద్దు. ప్రయాణం ముగిశాక పాపను సీటులోంచి తీసి, చదునైన గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. నిద్ర చెడుతుందన్న మీ బాధ అర్థమైనా ఈ విషయంలో సడలింపు ఇవ్వలేము. కారు సీటు సరైన వాలుతో కారులో బిగించి ఉండేందుకు తయారైనది. నేల మీద పెడితే ఆ వాలు మారిపోయి, తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకొని ఊపిరి దారి మూసుకుపోవచ్చు. నిద్ర చెడకూడదని పట్టీలు మాత్రం వదులు చేసి ఉంచడం మరింత ప్రమాదకరం. దూర ప్రయాణాల్లో రెండు గంటలకొకసారైనా ఆగి పాపను బయటికి తీయండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే, మొదటి ప్రయాణానికి ముందే వైద్యులను సంప్రదించాలి.

ప్రశ్న: దగ్గరి దూరాలకు బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని, నా సీటు బెల్టునే ఇద్దరికీ కలిపి పెట్టుకోవచ్చా?

జవాబు: ఎంత దగ్గరి దూరానికైనా పెట్టుకోకూడదు. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే, పది కిలోల బిడ్డను పట్టి ఆపడానికి దాదాపు నూట నలభై కిలోల బరువును మోసేంత బలం కావాలి. తల్లి చేతుల్లోనైనా అంత బలం ఉండదు. ఒకే బెల్టు ఇద్దరికీ పెట్టుకుంటే, ప్రమాదంలో మీ శరీరం బరువంతా బిడ్డను బెల్టుకేసి నలిపేస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఏడేళ్లు నిండాయి. తోటి పిల్లలెవరూ కూర్చోవడం లేదని బూస్టర్ సీటు వద్దంటోంది. బూస్టర్ లేకపోతే కారు బెల్టు మెడకు ఒరుసుకుంటోందని చంక కిందుగా తోసేసుకుంటోంది. పెద్దదైంది కదా, బెల్టు ఒక్కటే సరిపోదా?

జవాబు: బెల్టు మెడకు ఒరుసుకుంటోందంటే, అది ఇంకా మీ అమ్మాయి కొలతకు సరిపోలేదని అర్థం. సీటు బెల్టును పెద్దవాళ్ల శరీరాన్ని దృష్టిలో పెట్టుకొని తయారుచేస్తారు. అది పట్టుకోవలసినవి శరీరంలోని గట్టి ఎముకలు: పైన భుజం, ఛాతీ, కింద తుంటి. పిల్లల తుంటి ఎముక చిన్నది, దాని ముందు అంచు ఇంకా సరిగా పొడుచుకురాలేదు. అందువల్ల నడుము పట్టీ అక్కడ నిలవక మెత్తని పొట్ట మీదికి ఎక్కుతుంది. సీటు లోతు ఎక్కువై మోకాళ్లు అంచు దాకా రానప్పుడు పిల్లలు కాళ్లు వేలాడేయడానికి ముందుకు జారతారు, పట్టీ మరింత పైకి వస్తుంది. ఆ స్థితిలో కారు ఢీకొంటే శరీరం పట్టీ కిందుగా జారిపోయి, పేగులకూ వెన్నుకూ తీవ్రమైన గాయాలు కావచ్చు. చంక కిందికి తోసేసిన భుజం పట్టీ పై శరీరాన్ని ఆపదు సరికదా, పక్కటెముకల మీద పడి లోపలి అవయవాలను గాయపరుస్తుంది. బూస్టర్ చేసే పని బిడ్డను కాస్త ఎత్తులో కూర్చోబెట్టి, అదే బెల్టును సరైన ఎముకల మీదికి తేవడమే.

పిల్లలకు సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు సాధారణంగా బూస్టర్ అవసరమవుతుంది. చాలామందికి ఆ ఎత్తు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య వస్తుంది. అయితే కార్ల సీట్లన్నీ ఒకేలా ఉండవు కాబట్టి, మీ కారులోనే అమ్మాయిని బూస్టర్ లేకుండా కూర్చోబెట్టి చూడండి. వీపు పూర్తిగా సీటుకు ఆనాలి. మోకాళ్లు సీటు అంచు దగ్గర తేలికగా వంగాలి. నడుము పట్టీ తొడల మొదట్లో, తుంటి ఎముక మీద కిందుగా ఉండాలి. భుజం పట్టీ మెడకూ భుజం చివరకూ మధ్యగా వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నిద్రలోకి జారినా ప్రయాణం చివరి వరకు అలాగే కూర్చోగలగాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా బూస్టర్ కొనసాగించాలి. పరీక్ష తానే చేసుకోనివ్వండి. పట్టీ ఎక్కడ పడుతోందో తన చేత్తో తడిమి చూసుకున్న పిల్లకు అమ్మ మాట కంటే అది త్వరగా అర్థమవుతుంది.

వీపు ఉన్న బూస్టర్‌నే మేము సిఫారసు చేస్తాము. అది భుజం పట్టీకి దారి చూపడమే కాక, పక్క నుంచి తగిలే దెబ్బను కొంత కాస్తుంది, నిద్రపోయిన తలకు ఆనికవుతుంది. వీపు లేనిదైతే వెనుక సీటులో తలకు ఆనిక ఉన్న చోటే వాడండి. భుజం పట్టీ లేకుండా నడుము పట్టీ మాత్రమే ఉన్న చోట ఏ బూస్టర్‌నూ వాడకూడదు. అమ్మాయి దిగిపోయాక కూడా ఖాళీ బూస్టర్‌కు బెల్టు పెట్టి ఉంచండి, లేకపోతే హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు అది ఎగిరి ఇతరులకు తగులుతుంది.

ప్రశ్న: బంధువులు తమ పిల్లల పాత కారు సీటు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ సీటు చరిత్ర మొత్తం మీకు తెలిస్తేనే తీసుకోండి. అది ఉన్న కారుకు పెద్ద ప్రమాదం జరిగిందా అని మొహమాటపడకుండా అడగండి. ప్రమాదంలో సీటు తట్టుకున్న దెబ్బ లోపలి ప్లాస్టిక్‌లో కంటికి కనిపించని పగుళ్లుగా ఉండిపోవచ్చు. సీటు మీది చీటీలో తయారీ తేదీ, మోడల్ సంఖ్య, ఎక్కువ సీట్లకు గడువు తేదీ కూడా ఉంటాయి. చీటీ చిరిగిపోయినా, గడువు దాటినా, ఏ ఒక్క భాగం లేకపోయినా వద్దనండి. సూచనల పుస్తకం పోయి ఉంటే మోడల్ సంఖ్యతో తయారీదారు నుంచి తెప్పించుకోవచ్చు, ఆ మోడల్‌ను లోపం వల్ల వెనక్కి పిలిచారేమో కూడా అప్పుడే తెలుసుకోండి. పనికిరాదని తేలిన సీటును మాత్రం ఉన్నదున్నట్టుగా బయట పడేయకండి. పట్టీలు కత్తిరించి, పై గుడ్డ విప్పేసి, వాడకూడదని సీటు మీదే పెద్ద అక్షరాలతో రాసి పారేయండి, ఇంకెవరో తీసుకెళ్లి తమ బిడ్డను అందులో కూర్చోబెట్టే వీలుండదు.