ఊరు ఎంచుకునే ముందు, సాయంత్రం ఆరింటికి ఇంట్లో ఎవరుంటారో తేల్చుకోండి

ప్రశ్న: మేము న్యూజెర్సీలో, జెర్సీ సిటీలో అద్దెకుంటున్నాం. పాపకు ఆరేళ్ళు, బాబుకు ఏడాదిన్నర. మావారి ఆఫీసు మన్‌హట్టన్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర, వారానికి నాలుగు రోజులు వెళ్ళాలి. నాది ప్లెయిన్స్‌బరోలో, మూడు రోజులు. ఆ మూడు రోజులూ టర్న్‌పైక్ (టోల్ హైవే) మీద కారు నడిపి నడిపి నడుం పడిపోతోంది. ఇద్దరమూ హెచ్-1బి వర్క్ వీసా మీదే ఉన్నాం. జూన్ ఆఖరుకు లీజు అయిపోతుంది. మావారు వెస్ట్ విండ్సర్‌లో ఇల్లు కొందామంటున్నారు. 'స్కూళ్ళు బాగుంటాయి, ఫ్రెండ్సంతా అక్కడే, నీ ఆఫీసు పక్కనే. ట్రైన్‌లో పడి తిరిగేది నేను, నీకేంటి కష్టం?' అంటారు. నాకెందుకో భయంగా ఉంది. దారి మధ్యలో ఉండే ఎడిసన్ వైపు చూద్దామంటే 'నీ మేలు కోరి చెప్పినా నచ్చదు' అని అలుగుతున్నారు. ఆగస్టులో అత్తయ్యగారు ఆరు నెలలుండడానికి వస్తున్నారు. రోజూ ఇదే గొడవ. నా భయంలో అర్థం ఉందా?

జవాబు: ఉందమ్మా. మీ ఉత్తరంలో ఆ భయమేమిటో మీరు రాయలేదు గానీ, మీవారన్న మాటలోనే అది దొరికింది. 'నీ ఆఫీసు పక్కనే' అన్నారు చూడండి, అక్కడే ఉంది అసలు విషయం. ఆఫీసు పక్కనే ఉన్నవాళ్ళకే ఇంటి పనులన్నీ వచ్చి పడతాయి.

ముందు ఆయన వైపు నుంచి చూద్దాం. ఆయన స్వార్థంతో అడగడం లేదు. మీరు టర్న్‌పైక్ మీద పడే అవస్థ చూశారు, దాన్ని తన మీదకు తీసుకోవాలనుకున్నారు. అది ప్రేమే. అంత చేస్తానంటే మీరు వద్దన్నారు కాబట్టి మనసు కష్టపెట్టుకున్నారు. మాట్లాడేటప్పుడు మొదట ఈ సంగతి గుర్తించినట్టు చెప్పండి. 'నాకోసం ఆలోచించావు, అది నాకు తెలుసు' అని నోరు తెరిచి అనండి. ఆ తరువాతే లెక్కల్లోకి దిగండి.

ఇక లెక్క. ప్రిన్స్‌టన్ జంక్షన్ స్టేషన్ వెస్ట్ విండ్సర్‌లోనే ఉంది. అక్కడి నుంచి నెవార్క్ పెన్ స్టేషన్‌కు ఇంచుమించు ముప్పావు గంట. ఆయన ఆఫీసు డౌన్‌టౌన్ కాబట్టి నెవార్క్‌లో దిగి, వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళే పాత్ ట్రైన్ ఎక్కాలి, అది మరో పాతిక నిమిషాలు. ఇంటి నుంచి స్టేషన్‌కు కారు, పార్కింగ్, ప్లాట్‌ఫాం మీద ఎదురుచూపు, నెవార్క్‌లో మారడం, దిగాక నడక, ఇవన్నీ కలిపితే ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ దాకా గంటా నలభై నిమిషాలు సులువుగా అవుతుంది. ఐదున్నరకు ఆఫీసులోంచి బయటపడితే ఇంటికి చేరేది ఏడు దాటాకే. చాలా డేకేర్లు ఆరింటికో ఆరున్నరకో మూసేస్తారు, ఆలస్యమైతే నిమిషాల లెక్కన ఫీజు వేస్తారు. అంటే బాబును తెచ్చేది మీరు. పాపను బడి అయ్యాక ఉండే ఆఫ్టర్‌కేర్ నుంచి తెచ్చేది మీరు. ఇద్దరికీ అన్నం పెట్టి, స్నానం చేయించి, హోంవర్కు చూసేది మీరు. ఆయన తలుపు తీసేసరికి బాబు నిద్రకు మారాం చేస్తుంటాడు.

ఇంకొకటుంది. మధ్యాహ్నం రెండింటికి డేకేర్ నుంచి ఫోను: 'బాబుకు జ్వరం 101 ఉంది, వచ్చి తీసుకెళ్ళండి.' జ్వరం తగ్గి 24 గంటలు దాటితే గానీ మళ్ళీ రానివ్వరు. గంటన్నర దూరంలో ఉన్న తండ్రికి ఆ ఫోను వచ్చినా లాభం లేదని రెండోసారికే వాళ్ళకు తెలిసిపోతుంది, అప్పటి నుంచి నేరుగా మీకే చేస్తారు. మీ మేనేజరు దగ్గర సెలవు అడిగేది మీరే, మర్నాడు ఇంట్లో ఉండేదీ మీరే. ఇలా ఏడాది గడిస్తే 'అసలు నువ్వు ఉద్యోగం మానేస్తే?' అన్న మాట ఎవరో ఒకరు అంటారు. మీ భయం ఇదేననుకుంటున్నాను.

కాబట్టి ట్రైన్‌లో ఆయన గడిపే ఆ సమయం ఆయన ఒక్కరిదే కాదు. అందులో సగం మీ సాయంత్రాల నుంచి వెళ్తోంది. ఈ మాట ఆయనతో నింద వేసినట్టు కాకుండా చెప్పాలి. రాత్రి పదింటికి అంట్లు తోముతూ చెబితే గొడవే అవుతుంది. శనివారం పొద్దున పిల్లలు ఆడుకుంటున్నప్పుడు ఒక కాగితం ముందు పెట్టుకోండి. దాని మీద ఊళ్ళ పేర్లు రాయొద్దు. పొద్దున దింపేదెవరు, సాయంత్రం తెచ్చేదెవరు, జ్వరమొస్తే ఎవరు, డాక్టరు దగ్గరకు ఎవరు, ఇవి రాయండి. రెండు వైపులా పేర్లు పడ్డాకే మ్యాప్ తీయండి.

మీవారు వారంలో ఒక రోజు ఇంటి నుంచి పని చేస్తారు కదా, అది శుక్రవారమే అయితే, అందరిలాగే మీరూ ఆ రోజు ఇంట్లోనే ఉంటే, ఆ వెసులుబాటు వృథా. ఆయన రోజును మీరు ఆఫీసుకు వెళ్ళే రోజుకు మార్పించుకోమనండి. అప్పుడు ఇద్దరూ ఇంట్లో లేని రోజులు మూడు కాకుండా రెండే మిగులుతాయి. ఆఫీసులో అడగడానికి మొహమాటపడతారు చాలామంది, అడిగితే మాత్రం చాలాచోట్ల ఒప్పుకుంటారు.

నా అభిప్రాయం అడిగితే మెట్రోపార్క్, మెటచెన్, ఎడిసన్ ఈ మూడు స్టేషన్ల చుట్టూ అద్దె ఇల్లు చూడమంటాను. మెట్రోపార్క్ నుంచి నెవార్క్‌కు ఇరవై నిమిషాల చిల్లర. ఆయన ప్రయాణం గంటా పావులోకి వస్తుంది, ఆరున్నర, ఆరుముప్పావుకల్లా ఇంట్లో ఉండొచ్చు. మీకు మాత్రం రూట్ 1 హైవే మీద రద్దీలో ముప్పావు గంట పట్టే రోజులుంటాయి, అది దాచను. కానీ ఇప్పటి మీ ప్రయాణంతో పోలిస్తే అది హాయి. పొద్దున ఆయన దింపి ట్రైన్ ఎక్కితే, సాయంత్రం మీరు తెచ్చుకోవచ్చు. డేకేర్ ఇంటి దగ్గరే చూడండి, మీ ఆఫీసు దగ్గర వద్దు. మీ ఆఫీసు దగ్గర పెడితే దింపడం, తేవడం రెండూ మీవే అవుతాయి.

ఇందులో ఆయనకు నచ్చే విషయం కూడా ఒకటుంది. న్యూజెర్సీ ట్రైన్లంటే అందరూ భయపడేది నెవార్క్ దాటాక మన్‌హట్టన్ పెన్ స్టేషన్ వరకు ఉన్న ముక్క గురించి. అక్కడ హడ్సన్ నది కింది సొరంగాలు 1910 నాటివి, 2012లో శాండీ తుపానుకు ఆ సొరంగాల్లోకి ఉప్పునీరు కూడా చేరింది. మీవారు నెవార్క్‌లోనే దిగి పాత్‌కు మారతారు కనుక ఆ ముక్క దాటాల్సిన పని లేదు. అక్కడ ట్రైన్లు నిలిచిపోతే వెనక లైనంతా ఆలస్యమవుతుంది, నిజమే. 2025 మే నెలలో మూడు రోజులు ఈ ట్రైన్లు నడిపే ఎన్‌జే ట్రాన్సిట్ సంస్థ డ్రైవర్లు సమ్మె చేసినప్పుడు పాత్ మాత్రం నడిచింది. అలాంటి రోజున ఎడిసన్ నుంచి నెవార్క్ దాకా కారులో వెళ్ళొచ్చు, వెస్ట్ విండ్సర్ నుంచి అయితే ఆ రోజు మీద ఆశ వదులుకోవాల్సిందే.

కొనడం మాత్రం ఇప్పుడే వద్దు. 'అద్దె కట్టడం దండగ' అని మనవాళ్ళు తేలిగ్గా అంటారు. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆఫీసులు నాలుగు రోజులను ఐదు చేస్తున్న కాలమిది. న్యూజెర్సీలో ఇంటి పన్ను సగటున ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. ఒకరి ఆఫీసును నమ్ముకుని ముప్పై ఏళ్ళ అప్పు తలకెత్తుకునే ముందు ఒక్క చలికాలం అద్దె ఇంట్లో గడపండి. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆ ఊరి ప్రయాణం మీకు సరిపడుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. పాపకు ఇంకా ఆరేళ్ళే, హైస్కూలు కోసం ఇప్పటి నుంచి తొందరపడక్కర్లేదు.

ఆయన ఇంకా వెస్ట్ విండ్సరే అంటే కాదనకండి. అక్కడున్న స్నేహితుల ఇంట్లో ఒక సోమవారం రాత్రి పడుకుని, మంగళవారం అక్కడి నుంచే ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం మళ్ళీ అక్కడికే రమ్మనండి. స్టేషన్ పార్కింగ్ పర్మిట్ ఎలా ఇస్తారో, దానికి ఎన్నాళ్ళు ఎదురుచూడాలో కూడా ఆ రోజే కనుక్కోమనండి. మరో వారం మెట్రోపార్క్ నుంచి అదే పని. మీరు ఆ స్నేహితుల భార్యలతో మాట్లాడండి, వాళ్ళ వారాంతాల గురించి కాదు, బుధవారం సాయంత్రాల గురించి అడగండి. రేపు ఆయన ఆఫీసు రెండు రోజులకు తగ్గినా, ఉద్యోగం ప్రిన్స్‌టన్ వైపు మారినా వెస్ట్ విండ్సర్ చక్కటి ఊరే. అప్పుడు నేనూ అక్కడికే వెళ్ళమంటాను.

అత్తయ్యగారి సంగతి. ఆవిడకు కారు నడపడం రాదనుకుంటాను. ఎటు వెళ్ళాలన్నా కారు కావలసిన కాలనీలో ఆరు నెలలు కిటికీ దగ్గర కూర్చోవడం ఆ వయసులో నరకం. మెటచెన్‌లో స్టేషన్ చుట్టూ కాలినడకన తిరిగే వీధులున్నాయి. మెట్రోపార్క్ స్టేషన్ ఉన్నది ఐస్లిన్‌లోనే, అక్కడి ఓక్ ట్రీ రోడ్డులో మన కూరగాయలు, మన మాటలు దొరుకుతాయి. 'అమ్మ వస్తోంది కదా, డేకేర్ ఎందుకు' అని మీవారు అంటే మాత్రం ఒప్పుకోకండి. ఏడాదిన్నర పిల్లాడి వెంట రోజంతా పరుగెత్తే వయసు కాదు ఆవిడది. పైగా ఫిబ్రవరిలో ఆవిడ వెళ్ళిపోయాక మళ్ళీ సీటు వెతుక్కోవాలి.

ఆ సీటు గురించే ఇంకో మాట. రెండేళ్ళ లోపు పిల్లలకు డేకేర్‌లో చోటు దొరకడం ఇంటి కన్నా కష్టం. మెటచెన్, ఎడిసన్ వైపు మూడు నాలుగు చోట్ల ఈ వారమే ఫోన్ చేసి వెయిట్‌లిస్టులో పేరు రాయించండి. జూలైకి ఎక్కడ చోటు ఖాళీ అవుతుందో తెలిశాక, దానికి పదిహేను నిమిషాల లోపు ఇళ్ళు చూడడం మొదలుపెట్టండి. ఆ ఫోన్లలో సగం మీవారినే చేయమనండి.