పదకొండేళ్లకే ఒక్క ఆటేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అబ్బాయికి 11 ఏళ్లు, ఫాస్ట్ బౌలింగ్ చేస్తాడు. ఏడాదిన్నరగా వారంలో ఆరు రోజులు, పూటకు గంటన్నర చొప్పున రెండు పూటలా క్రికెట్ శిక్షణ. ఆదివారం మ్యాచ్. రెండు నెలలుగా మడమలు నొప్పి అంటున్నాడు. ఆట ముగిశాక మునివేళ్ల మీద నడుస్తున్నాడు. తైలం రాసి కట్టు కట్టించినా తగ్గలేదు. కబడ్డీ, ఈత మాన్పిస్తేనే క్రికెట్‌లో పైకొస్తాడని కోచ్ అంటున్నారు. మాన్పించమంటారా?
- ఒక తండ్రి

జవాబు: తగ్గించాల్సింది క్రికెట్‌నండీ.

మీరు చెప్పిన లక్షణాలు సెవర్స్ డిసీజ్‌ను పోలి ఉన్నాయి. పేరు విని కంగారు పడకండి, ఎదిగే పిల్లల్లో ఇది తరచూ చూసేదే. ఈ వయసులో ఎముక గబగబా సాగుతుంది, పిక్క కండరం అంత వేగంగా సాగదు. బిగిసిన కండరం మడమ వెనుక ఇంకా గట్టిపడని ఎముక భాగాన్ని లాగుతూ ఉంటుంది. దానికి తోడు ప్రతి బంతికీ పరుగు, గెంతు, నేలకు పాదం తాటించడం! మడమను రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కి చూడండి. అక్కడ కలుక్కుమంటే చాలావరకు ఇదే. తైలం వల్ల నష్టం లేదు కానీ గట్టిగా లాగి మర్దన చేయించకండి. నొప్పి మాత్ర వేసి మైదానానికి పంపడం అంతకన్నా తప్పు.

క్రీడా వైద్యులు వాడే మోటు లెక్క ఒకటుంది: పిల్లవాడికి ఎన్నేళ్లో, వారంలో శిక్షణ అన్ని గంటలు దాటకూడదు. మీవాడికి పదకొండేళ్లు, శిక్షణేమో మ్యాచ్ కాకుండానే 18 గంటలు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016 నివేదిక ప్రకారం వారంలో కనీసం ఒక రోజు, ఏడాదిలో విడతలవారీగా మూడు నెలలు ఆ ఆటకు సెలవు ఉండాలి. ఒకే ఆటకు అంకితం కావడం 15, 16 ఏళ్ల దాకా ఆగినా నష్టం లేదని కూడా అందులో ఉంది. జిమ్నాస్టిక్స్ వంటి కొన్నింటి సంగతి వేరు, క్రికెట్ వాటిలోది కాదు. ధోనీ బడిలో మొదట ఫుట్‌బాల్ గోల్‌కీపర్ అని కోచ్‌గారికీ తెలిసే ఉంటుంది.

ఒకే ఆటైతే రోజూ అవే కీళ్లు, అవే కండరాలు అరుగుతాయి. కబడ్డీలో కాలి చురుకు, ఊపిరి బిగబట్టే ఓర్పు వస్తాయి. ఈతలో మడమ మీద బరువే పడదు, కాబట్టి ఈత ఇప్పుడూ మాన్పించనక్కర్లేదు. ఏటిలోకైతే పెద్దవాళ్లు తోడు లేకుండా పంపకండి. కబడ్డీ మాత్రం నొప్పి తగ్గేదాకా వద్దు, అందులోనూ గెంతులే కదా. ఎవరూ మార్కులు వేయని ఏడుపెంకులాట, బిళ్ళంగోడు కూడా ఆ తర్వాత ఆడుకోనివ్వండి. (శిక్షణకు వచ్చే పిల్లల్లో నవ్వుతూ కనిపించేవాళ్లు ఈ మధ్య నాకు తగ్గిపోయారు.)

ప్రస్తుతానికి బౌలింగ్ ఆపించండి. ఆట తర్వాత గుడ్డలో చుట్టిన ఐసుముక్కలు పది, పదిహేను నిమిషాలు మడమకు పెట్టండి. గోడకు చేతులానించి పిక్కలు సాగదీసే వ్యాయామం రోజూ చేయించండి. బూట్లలో మెత్తని మడమ ప్యాడ్ వేయండి. రాత్రి నిద్రలేపే నొప్పి, వాపు, ఎర్రదనం, జ్వరం ఉంటే, లేదా కొన్ని వారాలైనా తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించాలి. నడుము నొప్పి అన్నా ఆలస్యం చేయకండి. ఫాస్ట్ బౌలింగ్ చేసే పిల్లల వెన్నెముకలో సన్నని పగుళ్లు వస్తుంటాయి.

ఒంటికాలి మీద పదిసార్లు గెంతినా నొప్పి లేదన్న రోజున బంతి చేతికివ్వండి. అదీ మొదటి వారం రోజు విడిచి రోజు, రెండేసి ఓవర్లు.