బ్యాక్టీరియా మాటలకి చిప్పు ఎందుకు?

ప్రశ్న: బ్యాక్టీరియా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడాన్ని సన్నటి కాలువలున్న చిప్పుల్లో చూస్తారట. మామూలు ఫ్లాస్కు చాలదా?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: చాలదండీ. వాటి మాటంటే చప్పుడు కాదు, ఒక్కొక్కటీ బయటికి వదిలే చిన్న రసాయన అణువులు. గుంపు పెరిగి ఆ అణువులు చిక్కబడ్డాకే బ్యాక్టీరియా అన్నీ కలిసి పని మొదలుపెడతాయి. ఫ్లాస్కులో ఆ అణువులు ఎక్కడికీ పోవు, కానీ మన పేగుల్లో, నీళ్ల పైపుల్లో ద్రవం పారుతూనే ఉంటుంది కదా! అందుకే వెంట్రుకంత కాలువలు తీసిన సిలికాన్ రబ్బరు ముక్కను గాజుపలకకి అతికించి (చిప్పంటే ఇదే), సన్నగా ద్రవం పారిస్తూ మైక్రోస్కోప్‌లో చూస్తారు. 2016లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో శాస్త్రవేత్తలు బోనీ బాస్లర్, హోవార్డ్ స్టోన్ వాళ్లు కలరా బ్యాక్టీరియాతో ఇలాగే చూస్తే, ప్రవాహం అణువుల్ని కడిగేసిన చోట గుంపు మూగబోయింది. పక్క సందుల్లో నక్కినవి మాత్రం, నాకు భలే నచ్చిన సంగతి ఇదే, కబుర్లు ఆపలేదు.