సీసా వీర్యం పలచబడితే గర్భసంచికి బలం పోతుందా?

ప్రశ్న: మాకు 12 ఆడ పందులున్నాయి, యార్క్‌షైర్ క్రాస్. ఇంతకుముందు పక్క ఊరి మగపందితో దాటించేవాళ్లం, ఈతకు పది పిల్లలు తగ్గేవి కావు. ఏడాదిగా సీసా వీర్యం ఎక్కిస్తున్నాం. ఇప్పుడు ఆరేడు పిల్లలే, నాలుగు పందులు తిరగబొర్లాయి (కట్టు నిలవక మళ్లీ ఎదకొచ్చాయి). సీసాలు ఇంటి ఫ్రిజ్‌లో పెడుతున్నాం, ఎక్కించే మనిషి ఒక్కోసారి ఎద మూడో రోజుకి గానీ దొరకడు. సీసా వీర్యాన్ని పలుచన చేస్తారని, వీర్యంలోని సహజమైన నీరే గర్భసంచికి బలమని, మగపంది పచ్చి నీరు విడిగా ఎక్కించమని కొందరు అంటున్నారు. పైగా ఎక్కించిన మర్నాడు తెల్లగా కారుతోంది, భయమేసి యాంటీబయాటిక్ వేయించాం. ఏం చేయమంటారు? – చిత్తూరు జిల్లా రైతు

జవాబు: అన్నా, ముందు ఆ తెల్లగా కారే సంగతి చూద్దాం. మర్నాడు కొద్దిగా కారితే అది జబ్బు కాదు. వీర్యం లోపలికి వెళ్లిన కాసేపటికే రక్తంలోంచి తెల్ల రక్తకణాలు గుంపులుగా గర్భసంచిలోకి దిగి, చచ్చిన వీర్యకణాల్నీ, వాటితో పాటు వెళ్లిన సూక్ష్మక్రిముల్నీ మింగేసి శుభ్రం చేస్తాయి. సగం రోజుకి ఈ పని ముమ్మరమై, ఒకటిన్నర రోజుకల్లా దాదాపు సర్దుకుంటుంది. మీరు చూసింది ఆ చెత్తే, దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. రెండు మూడు వారాల తర్వాత చీములా, వాసనతో కారితే మాత్రం అది గర్భసంచి వాపు, వెంటనే పశువైద్యుడికి చూపించాలి.

ఇక నీటి సంగతి. మీకు చెప్పినవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మగపంది ఒక్కసారి వదిలేది 200 నుంచి 300 మిల్లీలీటర్లు, అందులో చాలా భాగం కణాలు లేని ద్రవమే, అదంతా నేరుగా గర్భసంచిలోకే పోతుంది. ఆ ద్రవం కణాల్ని మోసే ఉత్త బండి కాదు. అందులోని ప్రొటీన్లు తెల్లకణాల్ని పిలుస్తాయి, అదే ద్రవం ఆ శుభ్రం చేసే పని తొందరగా ముగిసి గర్భసంచి చల్లారడానికీ తోడ్పడుతుంది. అందులోని ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ గర్భసంచి కండరాల్ని కదిలించి కణాలు పైకి వెళ్లడానికి సాయపడుతుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ద్రవం ఎక్కించిన పందుల్లో గర్భసంచి రోగనిరోధక సంకేతాలు మారడం, పిండాల ఎదుగుదల మెరుగుపడటం చూసి 2004లో ప్రచురించారు. పిండంలో సగం తండ్రిది, తల్లి ఒంటికి అది పరాయిదే. దాన్ని రానివ్వడానికి గర్భసంచిని ముందే సిద్ధం చేసే పనిలో ఈ ద్రవానికి భాగముంది.

అయినా మీ పిల్లల లెక్క తగ్గింది దాని వల్ల కాదని నా నమ్మకం. డెన్మార్క్‌లో దాదాపు అన్ని పందులకీ ఎక్కించేది పలుచన చేసిన వీర్యమే, అక్కడ ఈతకు సగటున 15 దాటి పుడుతున్నాయి. జాతి వేరు, మేత వేరు, ఒప్పుకుంటాను, కానీ పలుచన చేయడమే కారణమైతే అక్కడా తగ్గాలి కదా. విడిగా ద్రవం ఎక్కించి చూసిన ఫారాల్లో ఫలితం ఒకచోట వచ్చి ఇంకోచోట రాలేదు. ఇక ఎవరిదో మగపంది పచ్చి నీరు అంటారా, దయచేసి ఆ పని చేయొద్దు. స్వైన్ ఫీవర్, ఈసుకుపోయేలా చేసే బ్రుసెల్లా లాంటి రోగాలు వీర్యంతో కూడా మందలోకి వస్తాయి, 12 పందులూ పోతే ఎవరు తీరుస్తారు?

అసలు నష్టం మీరు రాసిన రెండు మాటల్లోనే ఉంది. ఒకటి ఫ్రిజ్. పంది వీర్యకణాలు చలికి తట్టుకోలేవు, 17 డిగ్రీల దగ్గరే ఉంచాలి, ఇంటి ఫ్రిజ్ 4, 5 డిగ్రీలుంటుంది కాబట్టి సీసాలో మీరు పెట్టింది సగం చచ్చిన సరుకు. థర్మోకోల్ పెట్టెలో థర్మామీటర్ పెట్టి చూసుకోండి, రోజుకి రెండుసార్లు సీసాని మెల్లగా తిప్పి పెట్టండి, ఊపొద్దు.

రెండోది మూడో రోజు. ఇదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎద రెండు మూడు రోజులుంటుంది, అండాలు విడుదలయ్యేది అందులో మూడింట రెండొంతులు గడిచాక. ఎదలో ఉన్నంతసేపూ గర్భసంచి కాపలా గట్టిగా ఉంటుంది, క్రిములు వెళ్లినా ఊడ్చేస్తుంది. అండం విడుదలై ప్రొజెస్టిరాన్ (గర్భాన్ని నిలిపే హార్మోన్) పెరగడం మొదలయ్యాక ఆ కాపలా సడలిపోతుంది, అప్పుడు వీర్యం ఎక్కించే గొట్టం దూర్చామంటే బయటి మురికిని లోపల నాటినట్టే, తిరగబొర్లడానికీ చీముకీ అది దారి. నడుము మీద చేత్తో గట్టిగా నొక్కితే చెవులు నిక్కపొడుచుకుని కదలకుండా నిలబడుతుంది చూడండి, అది మొదట కనిపించిన 12 నుంచి 24 గంటల్లో ఒక సీసా ఎక్కించాలి, ఇంకో 12 గంటలకి రెండోది. ఆ తర్వాత నిలబడకపోతే ఎక్కించొద్దు, మనిషి వచ్చాడు కదా అని అసలు ఎక్కించొద్దు. కంచె అవతల మగపంది కనిపిస్తుంటే ఇంకా మంచిది. యోని పెదవుల్ని పొడి గుడ్డతో తుడిచి, గొట్టాన్ని ఎడమ వైపుకి తిప్పుతూ బిగిసేదాకా పోనివ్వండి, సీసాని పిండకండి, పందే లాక్కుంటుంది, నాలుగైదు నిమిషాలు పడుతుంది.

ఆ నాలుగు పందులు ఎక్కించాక ఎన్నో రోజున తిరగబొర్లాయో రాసి పంపండి. 18 నుంచి 24 రోజుల మధ్యైతే కడుపు అసలు నిలవలేదని లెక్క. 25 దాటి వచ్చాయంటే కడుపు నిలిచి, తర్వాత పోయిందని అనుమానించాలి, 12వ రోజు నాటికి కనీసం నాలుగు పిండాలు లేకపోతే పంది గర్భం నిలుపుకోదు. అప్పుడు పరీక్షలు వేరే చేయించాలి.