నర్సరీ పిల్లలకు చెప్పడానికి ఓపిక ఉంటే చాలదా?

శిక్షణ కూడా కావాలా అని అడిగారు. నా అనుభవంలో ఓపిక ఒక్కటే చాలలేదు.

నేనూ ఓపికనే నమ్ముకుని అమెరికా రాజధాని వాషింగ్టన్ శివార్లలో ఒక చిన్నపిల్లల బడిలో సహాయకురాలిగా చేరాను. రెండో వారంలో నాలుగేళ్ల బాబు ఒకడు పక్కవాడిని కొరికాడు. నేను వాడిని మందలిస్తూ నిలబడిపోయాను. పెద్ద టీచరు మాత్రం ముందు ఏడుస్తున్నవాడిని దగ్గరికి తీసుకుని, తర్వాత కొరికినవాడి చేతిలో మట్టిముద్ద పెట్టారు. వాడికి కోపం చెప్పే మాటలు ఇంకా రాలేదని నాకు శిక్షణలో చేరాకే అర్థమైంది.

ఆ నగరంలో చిన్నపిల్లల టీచర్లకు శిక్షణ కావాలని 1890లలోనే పట్టుబట్టిన నల్లజాతి ఉపాధ్యాయిని అన్నా ఇవాన్స్ మర్రే. 1857లో ఒహైయోలోని ఓబర్లిన్‌లో పుట్టారు. తల్లి లియరీల ఇంటి ఆడపడుచు. ఆ వంశంలో ఆఫ్రికన్, ఐరిష్, స్థానిక అమెరికన్ మూలాలు కలిశాయి. 1858లో పారిపోయి వచ్చిన ఒక బానిసను పట్టుకున్నవాళ్ల నుంచి విడిపించిన జనంలో ఆమె తండ్రి, బాబాయి ఉన్నారు. మేనమామ లూయిస్ లియరీ 1859లో, బానిసత్వాన్ని అంతం చేయాలని పోరాడిన జాన్ బ్రౌన్ వెంట హార్పర్స్ ఫెర్రీలోని ప్రభుత్వ ఆయుధాగారంపై దాడికి వెళ్లి ప్రాణం వదిలారు. అప్పటికి ఆమెకు రెండేళ్లు.

ఓబర్లిన్‌లో చదివి, వాషింగ్టన్‌లో ఉపాధ్యాయిని అయ్యారు. నల్లజాతి మహిళల సంఘం తరఫున కిండర్‌గార్టెన్ల పని చేపట్టారు. నాకు ఆమెలో అన్నిటికన్నా నచ్చేది ఇది: బళ్లు తెరవడంతో ఆగక, టీచర్లను తయారుచేసే శిక్షణా నడిపించారు. ప్రభుత్వ బళ్లు జాతిని బట్టి విడివిడిగా ఉన్న రోజులవి. శిక్షణ పొందిన నల్లజాతి టీచర్లు లేకపోతే, రేపు డబ్బు వచ్చినా ఆ పిల్లలకు కిండర్‌గార్టెన్ అందేది కాదు.

వాషింగ్టన్ ఖర్చులు కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ చేతిలో ఉండేవి గనక అక్కడికే వెళ్లి అడిగారు. 1898లో ప్రభుత్వ బళ్లలో కిండర్‌గార్టెన్లకు 12,000 డాలర్లు మంజూరయ్యాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, 1955లో కన్నుమూశారు.

"పిల్లల్ని ఆడించడమేగా" అని మా బంధువులు ఇప్పటికీ అంటారు. నాకు బాధే. మీరు మాత్రం చేరేముందు శిక్షణ పొందిన టీచరు తరగతిలో ఒక పూట వెనక కూర్చుని, పిల్లలు గొడవపడినప్పుడు ఆమె ఏం చేస్తుందో చూడండి.