గంజాయి పట్టుకునే ఆఫీసర్ కావాలంటే ఏ పరీక్ష రాయాలి?

ప్రశ్న: మాది అనకాపల్లి జిల్లా. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. హైవేల మీద, రైళ్లలో గంజాయి, డ్రగ్స్ పట్టుకునే ఆఫీసర్ అవుతానని పట్టుబట్టి కూర్చుంది. దానికి ఏ పరీక్ష రాయాలి? ట్రైనింగ్‌లో ఏం నేర్పుతారు? ఆడపిల్ల చేయగల ఉద్యోగమేనా? ‘నార్కోటిక్స్ ఆఫీసర్ డిప్లొమా’ చేస్తే ఉద్యోగం ఖాయమని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 60 వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? అమ్మాయికి కళ్లద్దాలున్నాయి. అవి అడ్డొస్తాయా?

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. కట్టకండి. ఈ ఉద్యోగాలకు ఏ నియామక బోర్డూ అలాంటి డిప్లొమా అడగదు. మామూలు డిగ్రీ చాలు. అసలు శిక్షణ ఉద్యోగంలో చేరాక ప్రభుత్వమే, జీతం ఇస్తూ ఇస్తుంది.

రెండో మాట. రాష్ట్రంలో మాదకద్రవ్యాల మీద పనిచేసే ‘ఈగల్’ విభాగం పేరు మీ అమ్మాయి వినే ఉంటుంది. అందులోకి నేరుగా తీసుకోరు. పోలీసు శాఖలో ఉన్నవాళ్లనే అక్కడికి పంపుతారు. కాబట్టి ఈగల్ కావాలంటే ముందు రాష్ట్ర పోలీసు శాఖలో చేరాలి, ఆ తర్వాతే ఆ పోస్టింగ్.

మీ అమ్మాయి ముందున్న ద్వారాలు ప్రధానంగా మూడు. ఒకటి రాష్ట్ర పోలీసు ఎస్సై పరీక్ష. 2022 నోటిఫికేషన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 411 పోస్టులు ఇచ్చారు. ఇవి ఏటా వచ్చేవి కావు, అదే దీంతో ఇబ్బంది. ఆ నోటిఫికేషన్ ప్రకారం అమ్మాయిలు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తాలి. దాంతోపాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్‌లలో ఒకదాంట్లో గట్టెక్కాలి. రెండోది రైల్వే ప్రొటెక్షన్ ఫోర్స్, అంటే ఆర్పీఎఫ్. ఇందులో ఎస్సై పోస్టుకు డిగ్రీ అడుగుతారు. 2024 నోటిఫికేషన్‌లో 452 ఎస్సై పోస్టులున్నాయి. అమ్మాయిలకు 157 సెంటీమీటర్ల ఎత్తు, 800 మీటర్లు 4 నిమిషాల్లో, 9 అడుగుల లాంగ్ జంప్, 3 అడుగుల హై జంప్. 4 నిమిషాలంటే వినడానికి తేలికే. పుస్తకాల ముందే కూర్చున్న పిల్ల మొదటి రోజు 5 నిమిషాలు దాటిస్తుంది. వారానికి నాలుగు రోజులు పరిగెడితే మూడు, నాలుగు నెలల్లో దారికొస్తుంది.

మూడోది కేంద్ర ఉద్యోగాల కోసం డిగ్రీ చదివినవాళ్లకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే సీజీఎల్ పరీక్ష. దీని ద్వారా నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోలో సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి పోస్టులు, కస్టమ్స్‌లో ప్రివెంటివ్ ఆఫీసర్, సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్‌లో పోస్టులు వస్తాయి. ఓడరేవులు, విమానాశ్రయాలు, కంటైనర్ల పని కావాలంటే కస్టమ్స్ వైపు వెళ్లాలి. డీఆర్ఐ, అంటే డైరెక్టరేట్ ఆఫ్ రెవెన్యూ ఇంటెలిజెన్స్‌లోకి ఎక్కువగా కస్టమ్స్, జీఎస్టీ అధికారులే వెళ్తుంటారు. 2021 సెప్టెంబరులో ముంద్రా ఓడరేవులో టాల్క్ పొడి పేరుతో దిగిన కంటైనర్లలో దాదాపు 3 వేల కిలోల హెరాయిన్ పట్టుకున్నది డీఆర్ఐ వాళ్లే. ఆ సరుకు దిగుమతిదారు చిరునామా విజయవాడది. కస్టమ్స్ అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ నాసిన్ ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలో ఉంది. సీజీఎల్‌కు పోటీ ఎక్కువ, కానీ నోటిఫికేషన్ ఏటా వస్తుంది. మా సలహా ఏమిటంటే, సీజీఎల్‌ను వెన్నెముకగా పెట్టుకుని చదవాలి, ఎస్సై, ఆర్పీఎఫ్ నోటిఫికేషన్లు పడినప్పుడు వాటికీ రాయాలి. గణితం, రీజనింగ్, జనరల్ స్టడీస్ చాలావరకు కలిసే ఉంటాయి.

ఇక ట్రైనింగ్. ఎస్సైలకు మొదటి ఏడాది అకాడమీలో చట్టాలు, డ్రిల్, ఆయుధాలు, దర్యాప్తు. మాదకద్రవ్యాల మీద ప్రత్యేక కోర్సులు ఆ తర్వాత, కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా ఉంటాయి. హైదరాబాద్ రామంతాపూర్‌లోని సెంట్రల్ డిటెక్టివ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి కోర్సులకు పేరున్న చోటు. బయట అందరూ ‘అనుమానితుణ్ని కళ్లు చూసి పసిగట్టడం’ నేర్పుతారనుకుంటారు. నిజానికి ఎక్కువ సమయం పోయేది వాహనం తనిఖీ క్రమం మీద, కాగితాల మీద.

వాహనం ఎక్కడ ఆపాలన్నదే మొదటి పాఠం. మలుపులో, వంతెన దిగే చోట, వెలుతురు లేనిచోట ఆపకూడదు. టోల్ ప్లాజా గానీ, వెడల్పాటి రోడ్డు మార్జిన్ గానీ ఎంచుకోవాలి. బారికేడ్లు దూరం నుంచే కనిపించాలి, అందరూ రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకోవాలి. ఈ పనిలో తుపాకీ కంటే ఎక్కువ భయపడాల్సింది ఆగకుండా దూసుకొచ్చే బండికి. అందుకే బండి ముందు నిలబడి చెయ్యి ఎత్తడం తప్పని మొదటి రోజే చెప్తారు. ఆగాక ఇంజన్ ఆపించి, తాళం చెవి తీసుకుని, లోపలివాళ్లను దింపి విడివిడిగా నిలబెట్టాలి. ఒకరు వాళ్లను కనిపెట్టుకుని ఉంటారు, మరొకరు తనిఖీ చేస్తారు. ఒకే మనిషి రెండూ చేయబోతే రెండూ చెడతాయి.

తనిఖీ బయటి నుంచి లోపలికి, భాగాలుగా సాగుతుంది. ఒకరు చూసిన భాగాన్నే రెండోవారు మళ్లీ చూస్తారు. లారీ అయితే టేపుతో కొలతలు తీస్తారు. బాడీ బయటి పొడవుకీ లోపలి పొడవుకీ తేడా ఉండాల్సిన దానికంటే ఎక్కువైతే మధ్యలో దొంగగోడ ఉన్నట్టే. కాగితాల దగ్గర అడగాల్సింది ఒక్కటే: ఈ కథ పొసుగుతోందా? సరుకు రవాణాకు తీసుకునే ఆన్‌లైన్ పత్రం ఈ-వే బిల్లుకు మామూలు సరుకైతే 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. ఇన్‌వాయిస్‌లోని బరువు, వేబ్రిడ్జి చీటీ, ఫాస్టాగ్ చూపించే దారి, డ్రైవరు చెప్పే ఊళ్లు ఒకదానికొకటి సరిపోవాలి. మనిషి వేషం, యాస, కులం, ఊరు అనుమానానికి ఆధారాలు కావు. అలా ఆపిన కేసు కోర్టులో మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌కే నీరుగారుతుంది. కారణం లేకుండా వేధించేందుకు తనిఖీ చేసిన అధికారికి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మాదకద్రవ్యాల చట్టం సెక్షన్ 58 కింద ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది.

రైలు వేరే లోకం. స్టేషన్‌లో రెండు నిమిషాలు ఆగుతుంది. సీటు కింద బ్యాగు దొరుకుతుంది, ‘నాది కాదు’ అంటారు. సరుకు చిక్కి మనిషి చిక్కకపోతే అది సగం కేసే. బ్యాగును మనిషికి ముడిపెట్టేది ఏదో వెతకడమే అక్కడి నేర్పు: టికెట్, బెర్తు నంబరు, జిప్పు తాళం చెవి ఎవరి జేబులో ఉంది, ప్లాట్‌ఫాం సీసీ కెమెరాలో ఆ బ్యాగు ఎవరి భుజాన ఉంది. సీసీ ఫుటేజీ కొన్ని రోజులకే చెరిగిపోతుంది కనుక అదే రోజు అడిగి తీసుకోవాలి. ఆర్పీఎఫ్‌కు 2019 నుంచి ఎన్‌డీపీఎస్ చట్టం కింద తనిఖీ, స్వాధీనం, అరెస్టు అధికారాలు ఉన్నాయి. తర్వాతి దర్యాప్తు మాత్రం రాష్ట్ర రైల్వే పోలీసులు (జీఆర్పీ) లాంటి సంస్థలకు అప్పగిస్తారు. మొదటి నుంచి చివరిదాకా కేసు తన చేతుల్లోనే ఉండాలనుకునే పిల్లకు ఈ తేడా ముందే తెలియాలి.

అసలు చిక్కంతా ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఉంది. ఇది పట్టుకునే ఉద్యోగం కంటే రాసే ఉద్యోగం. ఎన్‌డీపీఎస్ చట్టంలో శిక్షలు కఠినం. గంజాయి 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్లు, లక్షకు తగ్గని జరిమానా. శిక్ష అంత పెద్దది కాబట్టి కోర్టులు పద్ధతిని అంత పట్టుగా చూస్తాయి. కేసులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ముందస్తు సమాచారం అందితే సెక్షన్ 42 ప్రకారం దాన్ని రాతలో పెట్టి 72 గంటల్లో పై అధికారికి కాపీ పంపాలి. బహిరంగ స్థలంలో, బస్సు, రైలు లాంటి ప్రజా వాహనంలో పట్టుకుంటే సెక్షన్ 43 వర్తిస్తుంది, అక్కడ ఈ షరతు లేదు. రోడ్డు మీద ఉంది కదా అని ప్రైవేటు కారును 43 కిందకు లాగేస్తే? 2021లో బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ పొరపాటు మీదే నిందితులను వదిలేసింది. అక్కడి ప్రైవేటు జీపు పబ్లిక్ రోడ్డు మీదే ఉంది. అయినా అది ప్రజా వాహనం కాదు, 42 పాటించాల్సిందేనని చెప్పింది.

ఒంటి మీద తనిఖీ చేయాలంటే సెక్షన్ 50. గెజిటెడ్ అధికారి గానీ, మేజిస్ట్రేటు గానీ ఎదుట తనిఖీ కోరే హక్కు ఉందని ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలి. ముగ్గురిని నిలబెట్టి ఒకే నోటీసు మీద సంతకాలు తీసుకుంటే చెల్లదు. బ్యాగుకు, వాహనానికి ఈ సెక్షన్ వర్తించదని 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బ్యాగుతోపాటు ఒంటినీ చూడాల్సి వచ్చినప్పుడు నోటీసు ఇచ్చేయడమే క్షేమం.

తూకం దగ్గర జరిగే తప్పులు ఇంకా చిన్నగా కనిపిస్తాయి. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. అవి లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు లెక్కలోకి రావు. కాడలు, ఆకులు, గోనెసంచి అన్నీ కలిపి 22 కిలోలని రాస్తే, డిఫెన్స్ న్యాయవాది అడిగే మొదటి ప్రశ్న ‘ఇందులో కొనలెంత?’ అనే. పైగా పచ్చి సరుకు ఆరితే బరువు తగ్గుతుంది. పంచనామాలో 21 కిలోలున్నది మేజిస్ట్రేటు ముందు 19 తూగితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే పదేళ్ల శిక్ష పడే 20 కిలోలు దాటిన సరుకు అన్న మాటే ప్రశ్నార్థకం అవుతుంది. అందుకే సంచితో సహా బరువు, సంచి లేకుండా బరువు, సరుకు పచ్చిగా ఉందా పొడిగా ఉందా, తూకం యంత్రం వివరాలు, అన్నీ అక్కడికక్కడే రాయాలి. శాంపిళ్లు ఘటనాస్థలంలో తీయడం పాత అలవాటు. ఇప్పుడు సెక్షన్ 52ఏ కింద మేజిస్ట్రేటు సమక్షంలో తీయాలి. 2022 నాటి నియమాల ప్రకారం గంజాయి, చరస్, నల్లమందు అయితే శాంపిల్‌కు 24 గ్రాములు, మిగతావి 5 గ్రాములు, ప్రతిదానికీ జత శాంపిల్ ఉండాలి. అరెస్టు, స్వాధీనం జరిగిన 48 గంటల్లో సెక్షన్ 57 నివేదిక పై అధికారికి చేరాలి. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ కింద తనిఖీ, స్వాధీనాలను ఆడియో-వీడియో తీయడం తప్పనిసరి అయింది. బండి తలుపు తెరవకముందే కెమెరా ఆన్ కావాలి. మధ్యలో మొదలైన వీడియో మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

నిందితుడు ‘తప్పు ఒప్పుకున్నాడు’ కదా అనే ధీమా కూడా పనికిరాదు. సెక్షన్ 67 కింద అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడుకోకూడదని 2020లో తూఫాన్ సింగ్ తీర్పు తేల్చింది.

మీ అమ్మాయి కెమిస్ట్రీ ఇక్కడ అక్కరకొస్తుంది. ఘటనాస్థలంలో వాడే డ్రగ్ డిటెక్షన్ కిట్‌లో రంగు పరీక్షలుంటాయి. మార్క్విస్ రీఏజెంట్ అనే రసాయనం హెరాయిన్‌కు ఊదా రంగు, యాంఫెటమిన్‌కు నారింజ నుంచి గోధుమ రంగు ఇస్తుంది. కోబాల్ట్ థయోసయనేట్ కొకైన్‌కు నీలం ఇస్తుంది, కానీ కొన్ని మామూలు మందులకూ నీలం ఇస్తుంది. ఈ పరీక్ష అనుమానాన్ని బలపరచడానికే, రుజువు ల్యాబ్ నివేదికే. ఆ మాట రసాయనశాస్త్రం తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. గ్లౌజులు లేకుండా ముట్టుకోవడం, వాసన చూడడం, నాలుక మీద పెట్టడం సినిమాల్లోనే బాగుంటుంది. రోడ్డు మీద పని నచ్చకపోతే ఎమ్మెస్సీ చేసి ఫోరెన్సిక్ ల్యాబ్ వైపో, కస్టమ్స్ శాంపిళ్లు పరీక్షించే కేంద్ర రెవెన్యూ ల్యాబుల వైపో వెళ్లే దారి కూడా ఉంది.

ఆడపిల్ల చేయగలదా అన్నారు. చట్టమే ఆడపిల్లను అడుగుతోంది. సెక్షన్ 50 ప్రకారం మహిళను మహిళే తనిఖీ చేయాలి. రాత్రి రెండింటికి ఆపిన కారులో మహిళ ఉంటే, బృందంలో మహిళా అధికారి లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది. కాబట్టి అవసరం ఎప్పుడూ ఉంటుంది. కష్టాలు కూడా దాచనక్కర్లేదు. రాత్రి డ్యూటీలు, పండక్కి ఇంటికి రాలేకపోవడం, బాత్రూము లేని చెక్‌పోస్టులు, కేసు సాక్ష్యానికి నాలుగైదేళ్ల తర్వాత బదిలీ అయిన ఊరి నుంచి కోర్టుకు తిరగడం. సాక్ష్యం రోజున ఆదుకునేది ఆమె ఆ రాత్రి రాసిన పంచనామాయే, జ్ఞాపకం కాదు.

రాయడం ఆమెకు ఎలా ఉంటుందో ఇంట్లోనే చూడొచ్చు. ఒక సంచిలో పది రకాల వస్తువులు వేసి ఇవ్వండి. ఏ సమయానికి, ఎవరి ముందు, ఏ వరుసలో, ఏది ఎంత బరువుతో తీశారో తెలుగులో రెండు పేజీలు రాయమనండి. మర్నాడు ఆ కాగితం మాత్రమే చూసి మీరు ప్రశ్నలడగండి. మొదటిసారి అందరూ తడబడతారు. మూడోసారికి కూడా విసుగే తప్ప పట్టుదల కనిపించకపోతే ల్యాబు దారి గురించి గట్టిగా ఆలోచించండి.

చివరగా కళ్లద్దాల సంగతి, కోచింగ్‌లో చేర్పించే ముందే తేల్చుకోవాల్సింది ఇదే. రాష్ట్ర ఎస్సై పోస్టుకు అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి. మెల్లకన్ను, వర్ణాంధత్వం ఉంటే తీసుకోరు. ఆర్పీఎఫ్, సీజీఎల్ పోస్టుల వైద్య ప్రమాణాలు ఒక్కో పోస్టుకూ ఒక్కోలా ఉంటాయి, పాత నోటిఫికేషన్లలో వైద్య పరీక్ష పేరా తీసి చదవండి. ఈ నెలలోనే కంటి డాక్టరు దగ్గర పవర్‌తోపాటు రంగుల పరీక్ష కూడా చేయించి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని పై మూడు ద్వారాల్లో ఏది తెరిచి ఉందో చూసుకోండి.